పన్నెండు కాలేజీల కాగితం

యాదమ్మక్కకు,

నీ తమ్ముడు నర్సింలు చాంద్రాయణగుట్ట నుంచి నీ కాళ్లకు మొక్కి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాడు. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావకు దగ్గు తగ్గిందా, ఇంకా బీడీలు దాచుకుని తాగుతున్నాడా? ఇక్కడ నేను, పద్మ, శిరీష ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. ఒంట్లో అని ఎందుకు రాశానో ముందుకు చదివితే నీకే తెలుస్తుంది.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరాల కాలం ఏమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది అక్కా. నేనిక్కడ తుమ్మితే అక్కడ పక్కింటి బుచ్చమ్మ మందు చెబుతుంది. మా ఇల్లేమో ఒకటే గది, ఏ మూల మాట్లాడినా బిడ్డకు వినబడుతుంది. అయినా అది ఒక సాకు. అసలు సంగతి, నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. ఏడో తరగతి దాకా నువ్వు నన్ను బడికి ఈడ్చుకుపోయిన పుణ్యం ఈ రోజు ఇలా అక్కరకొచ్చింది.

ఇక్కడ నెల రోజుల నుంచి వానలు. మా గల్లీలో నీళ్లు నిలిచి, గడప ముందు రెండు ఇటుకలు వేసుకుని దాటుతున్నాం. పని మాత్రం ఆగలేదు. పొద్దున్నే బేగంబజార్‌కు పోయి సేటు దుకాణం ముందు నా ట్రాలీ ఆటో పెడితే, బిందెలు, గంగాళాలు, టిఫిన్ డబ్బాలు నింపుకుని పాతబస్తీ అంతా తిరగడమే. మధ్యాహ్నం ఎక్కడుంటే అక్కడ తింటాను. పద్మ డబ్బాలో అన్నమే పెడుతుంది. ఇక్కడి జొన్నపిండి రొట్టె చేస్తే పెనం మీదనే విరిగిపోతోంది. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే కాసిన్ని జొన్నలు పంపు. చింతపండు కూడా. పట్నం వచ్చి ఆరేళ్లయినా నాలుక ఇంకా ఊళ్లోనే ఉంది.

ఇంక అసలు సంగతికి వస్తాను. శిరీషకు మంచి కాలేజీలో సీటు రాలేదని, మార్కులు సరిపోలేదని నీకు ఫోన్‌లో చెప్పాను కదా. అది అబద్ధం అక్కా. బిడ్డ మార్కులు బాగానే సరిపోయాయి. సరిపోనిది నా బుద్ధి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇంటర్ అయిపోయాక డిగ్రీ సీటు కోసం ఇప్పుడు కాలేజీల చుట్టూ తిరిగే పని లేదు. నెట్ సెంటర్‌లో కూర్చుని ఏ కాలేజీలు కావాలో వరుసగా పెట్టాలి. వెబ్ ఆప్షన్లు అంటారు. మొదట పెట్టిన కాలేజీకి మన మార్కులు చాలితే అదే ఇస్తారు, చాలకపోతే రెండోది చూస్తారు, అలా కిందికి పోతారు. ఇదంతా ఇప్పుడు నీకు పంతులులా చెబుతున్నాను కానీ, అప్పుడు నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అసలే తెలియదు.

శిరీషకు నది అవతల ఉన్న ఆడపిల్లల సర్కారు కాలేజీ మీద మనసు. అక్కడ కంటికి కనబడని పురుగుల గురించి ఒక చదువు ఉందట, మైక్రోబయాలజీ. కనబడే దోమలనే చంపలేకపోతున్నాం, కనబడని వాటితో నీకేం పని అని ఏడిపించేవాడిని. పన్నెండు కాలేజీల పేర్లు ఇంగ్లీషులో, నంబర్లు వేసి ఒక కాగితం మీద రాసుకుంది. ఒకటో నంబరు ఆ కాలేజీ. పన్నెండోది మా ఇంటికి దగ్గర్లో, ఫంక్షన్ హాలు పక్కన ఉన్న చిన్న ప్రైవేటు కాలేజీ. ఎక్కడా రాకపోతే ఇంట్లో కూర్చోకుండా ఉండటానికి అది రాసింది. అక్కడ ఆ పురుగుల చదువు లేదు, బీకాం ఒకటే.

ఆప్షన్లు పెట్టే రోజుకు బిడ్డకు జ్వరం. లేవలేకపోయింది. కాగితం నా చేతికిచ్చి, "నాయినా, వరుస మంచిగ చూడు. నేను చెప్త విను," అన్నది. "నాకు జెప్పాల్నా బిడ్డా? పట్నం మొత్తం తిరిగెటోన్ని," అని, కాగితం మడత కూడా సరిగ్గా విప్పకుండా జేబులో పెట్టుకుని పోయాను.

నెట్ సెంటర్ సలీం భాయ్‌ది. నాకు బాగా తెలిసిన మనిషే. ఆ రోజు అక్కడ పిల్లలు, తల్లులు, తండ్రులు కిక్కిరిసి ఉన్నారు. అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు, ఎవరికీ సరిగ్గా తెలియదు. నేను మాత్రం తెలిసినవాడిలా గొంతు పెంచి మాట్లాడాను. కొడుకు కోసం వచ్చిన ఒక తల్లికి సలహా కూడా ఇచ్చాను. ఏ సలహా అంటే, మంచి కాలేజీని ఆఖరున పెట్టమని.

నువ్వు నా బండి ఎప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతాను. మేం ట్రాలీ నింపేటప్పుడు, ముందుగా దించాల్సిన సరుకును ఆఖరున ఎక్కిస్తాం. అది వెనుక తలుపు దగ్గర ఉంటుంది, దుకాణం రాగానే చేతికందుతుంది. దూరం పోయే సరుకు మొదట ఎక్కి లోపలికి పోతుంది. ఆరేళ్ల నుంచి రోజూ చేస్తున్న పని ఇది. కంప్యూటర్ కూడా నా బండిలాంటిదే అనుకున్నాను.

సలీం భాయ్ కాగితం చూసి, "ఏక్ నంబర్‌ది పైన పెట్టాల్నా అన్నా?" అని అడిగాడు.

"కాదు భాయ్. పన్నెండోది ముందు ఎక్కియ్యి. ఒకటోది ఆఖరికి. ముందు దిగాల్సింది ఆఖరికి ఎక్కుతది."

"ఏక్ బార్ సోచ్ లో అన్నా, జర ఆలోచించు. బిడ్డకు ఫోన్ జేసి అడుగు."

"ఆరేండ్ల సంది బండి నింపుతున్న. నాకే జెప్తవా?"

అంతమంది ముందు బిడ్డకు ఫోన్ చేసి అడగడం నాకు చిన్నతనమనిపించింది. అక్కా, అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే, ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందని నువ్వే అనేదానివి. నేను ఆ అన్నీ తెలిసినమ్మకు సొంత తమ్ముడిని. నేను సలహా ఇచ్చిన ఆ పిల్లవాడి తల్లి నా మాట వినకుండా సలీం భాయ్ చెప్పినట్టే పెట్టించుకుందట, వాళ్ల పిల్లవాడు బతికిపోయాడు.

సీట్ల జాబితా వచ్చిన రోజు శిరీషకు ఫంక్షన్ హాలు పక్కన బీకాం వచ్చింది. మొదట పెట్టింది అదే కదా, అదే ఇచ్చారు. నేను సలీం భాయ్ మీదికి లొల్లికి పోయాను. ఆయన నా కాగితం, కంప్యూటర్ కాగితం పక్కపక్కన పెట్టి, గొంతు తగ్గించి, నేను చేసింది ఏమిటో చెప్పాడు, మన బిడ్డకంటే తక్కువ మార్కుల వాళ్లకు కూడా ఒకటో కాలేజీలో సీటు వచ్చిందని చెప్పాడు. నలుగురిలో నా పరువు పోకుండా ఆయనే గొంతు తగ్గించాడు, చూడు. రెండు కాగితాలనూ బండిలో ఇన్సూరెన్స్ కాగితాల కింద దాచి, తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చాను.

"ఏమన్నడు నాయినా?" అని అడిగింది.

"మార్కులు సరిపోలేదంట బిడ్డా," అన్నాను.

ఒక్క మాట. అది నోట్లోంచి వచ్చాక మళ్లీ లోపలికి పోలేదు. అప్పుడే చెప్పి ఉంటే తప్పు ఒకటే అయ్యేది.

ఆ తర్వాతే నువ్వు ఫోన్ చేశావు. గుర్తుందా, స్పీకర్‌లో ఏమన్నావో? "పట్నం దీస్కపోయి సదివిస్తే గిదేనా? ఫోన్ జూసుకుంట కూసుంటే మార్కులెట్లొస్తయి?" అన్నావు. నీ తప్పు లేదక్కా, నేను చెప్పిందే నువ్వు నమ్మావు. ఫోన్ బిడ్డ చేతిలో ఉన్నా, అన్నం ముందు కూర్చున్న నాకు నీ మాటలు వినబడ్డాయి. "అవునత్తా, నాదే తప్పు," అన్నది నా బిడ్డ. నేను తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాను.

ఆ రోజు నుంచి పిల్ల మారిపోయింది. పుస్తకాలన్నీ సంచిలో కట్టి మంచం కిందికి తోసింది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చని పద్మ అంటే, "మార్కులే లేనప్పుడు ఎన్నిసార్లు పెడితే ఏం లాభం అమ్మా," అన్నది. తర్వాత ఒక రోజు నా దగ్గరికి వచ్చి, "నాయినా, మీ సేటు దుకాణంల బిల్లులు రాసెటందుకు పిల్ల గావాలంటున్నరు గదా. నన్ను వెట్టుమను. నాకు సదువు రాదు," అన్నది. పదో తరగతిలో బడి మొత్తానికి మొదట వచ్చిన పిల్ల, తనకు చదువు రాదని నాతోనే చెప్పింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను అక్కా. అయినా ఆ రోజు కూడా చెప్పలేదు.

రెండో విడతకు ఇంకొక్క రోజే ఉందని సలీం భాయ్ ఫోన్ చేశాడు. నాకొక దొంగ ఆలోచన వచ్చింది. ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది కాబట్టి బిడ్డకు తెలియకుండా వరుస సరిచేయిద్దాం, సీటు వచ్చాక ఏదో ఒకటి చెబుదాం అనుకున్నాను. పొద్దున్నే పోయి కూర్చున్నాను. సలీం భాయ్ పాత కాగితం అడిగాడు. బండిలోంచి తెచ్చి, ఈసారి మడతలన్నీ విప్పి ఆయన ముందు పరిచాను. అన్నిటికంటే కింద, మడత లోపల, తెలుగులో ఒక వాక్యం ఉంది. సలీం భాయ్‌కి తెలుగు చదవడం రాదు. నేనేమో అంతా ఇంగ్లీషేనని చూడనే లేదు.

"నాయినా, ఒకటో నంబరుది అన్నిటికన్న ముందు పెట్టించు. నువ్వు దగ్గరుండి చూస్తవని నాకు ఫికర్ లేదు."

నాకు తెలియదని బిడ్డకు ముందే తెలుసు. నా పరువు పోకూడదని, నోటితో చెప్పనివ్వనేమోనని, ముందే కాగితం మీద రాసి పెట్టింది. ఓటీపీ వచ్చి ఫోన్ మోగింది. నేను దాన్ని సలీం భాయ్‌కి చెప్పలేదు. లేచి ఇంటికి పోయాను.

శిరీష బియ్యం ఏరుతోంది. చాట ముందు కూర్చుని, రెండు కాగితాలూ పెట్టి, మొత్తం చెప్పాను. పద్మ పొయ్యి కట్టేసి వచ్చి నిలబడింది. బిడ్డ తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"అంటే నాకు మార్కులు తక్కువ రాలేదా?"

"లేదు బిడ్డా."

"నిజంగ?"

"నీ మీద ఒట్టు. నాకే తెల్వలేదు."

చాట పక్కన పెట్టి ఏడ్చింది. ఎంతసేపని చెప్పను. సీటు రాలేదని తెలిసిన రోజు కూడా అలా ఏడవలేదు. తర్వాత మొహం కడుక్కుని, జడ వేసుకుని, చెప్పులు తొడుక్కుని బయట నిలబడింది. బండిలో నా పక్కన కూర్చోలేదు. వెనుక ట్రాలీలో కడ్డీ పట్టుకుని, చినుకుల్లో తడుస్తూ నిలబడే వచ్చింది. రమ్మని పిలిచే ముఖం నాకెక్కడిది?

నెట్ సెంటర్‌లో ఆ రోజూ జనం ఉన్నారు. సలీం భాయ్ అడిగేది నన్ను కాదన్నట్టు, గోడ వైపు చూస్తూ, "వరుస ఎట్ల పెట్టాలె?" అని అడిగాడు. శిరీష నా వైపు చూసింది. నేనే చెబుతానేమో అని చూసిందో, ఇప్పుడైనా నోరు మూసుకుంటాడా అని చూసిందో నాకు తెలియదు.

"నాకు తెల్వదు భాయ్. నా బిడ్డకు ఎరుక. ఆమె జెప్పినట్టు పెట్టు," అన్నాను, అందరికీ వినబడేటట్టు.

బిడ్డ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒకటో నంబరు ముందు పెట్టింది. పన్నెండో కాలేజీ అసలు పెట్టనే లేదు.

సీట్లు ఇంకా తేలలేదు. ఒకటో కాలేజీలో మొదటి విడతకే చాలా నిండిపోయాయని సలీం భాయ్ అన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే అది నా వల్లనే, ఈ మాట నేను బతికున్నంత కాలం మోయాలి. శిరీష నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, గ్లాసులో నీళ్లు పోస్తుంది, అంతే. కానీ పుస్తకాల సంచి మంచం కింద లేదు. నేను చూశాను.

ఇంక నీతో పని. జొన్నలు పంపకపోయినా సరే, ఇది మాత్రం చెయ్యి. శిరీషకు మార్కులు రాలేదని నువ్వు ఎవరెవరికి చెప్పావో, వాళ్లందరినీ అరుగు మీదికి పిలిచి ఈ ఉత్తరం చదివించు. బావను చదవమను, ఆయన గొంతు పెద్దది. బుచ్చమ్మను తప్పకుండా పిలువు. మా పాత పంతులు కనబడితే ఆయనకూ వినిపించు. నా పేరు వచ్చిన చోట తగ్గించి చదవొద్దు. మీరంతా వినే స్పీకర్‌కు భయపడి ఉత్తరం రాశానని మొదట్లో అన్నాను కదా, ఇప్పుడు నాకా భయం లేదు.

బావకు, ఇంట్లో పెద్దలకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన ఈసారి నాకొద్దు, నా వంతు కూడా శిరీషకే ఇవ్వు. చదివించడం అయిపోయాక ఫోన్ చెయ్యి. పలకరించేది నన్ను కాదు, దాన్ని. ఆ రోజు "నాదే తప్పు" అన్నది నువ్వు అందరి ముందు విన్నావు, కాదని కూడా అందరి ముందే చెప్పు. ఇక్కడ మేం కూడా ఫోన్ స్పీకర్‌లోనే పెడతాం.

తలెత్తి రాయలేని నీ తమ్ముడు
నర్సింలు