తొంభై నిమిషాల కబుర్లు

కోబ్లెంజ్,
20 సెప్టెంబర్ 1942

నా ఫిన్నీకి,

మెట్టీ రాస్తున్నాను. క్షేమమే. బలవంతపు పనికి పట్టుకొచ్చారు కదా, రోజంతా రైలు షెడ్డులో ఇంజన్ల కింద పడుకుని నట్లు బిగిస్తున్నాను. మన లక్సెంబర్గ్‌ని జర్మనీలో కలిపేసినట్టే మన ఎష్ ఊరి ఫుట్‌బాల్ జట్టునీ జర్మన్ లీగులో కలిపేశారు కదా, ఈ ఏటి సీజన్ మొదలైందట. ఏడేళ్ళు ఆ గోల్లో నిలబడ్డవాణ్ణి. ఆదివారం వస్తే చేతులు ఊరుకోవడం లేదు. నాకోసం నువ్వు వెళ్ళి చూసి, అంతా రాయి.

నీ మెట్టీ

తా.క. బంతిని చేత్తో పట్టుకునేవాడు గోల్‌కీపర్. ఇంకెవడు పట్టుకున్నా నువ్వు గట్టిగా అరవాలి.

ఎష్,
12 అక్టోబర్

ప్రియమైన మెట్టీకి,

వెళ్ళాను. అరిచాను. మన జట్టుకి జర్మన్ పేరు పెట్టారు. మైకులో ఆ పేరు చదివితే ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరి జట్టో అనుకున్నారు పాపం. ఆరు సున్నాతో ఓడిపోయాం. మనవాళ్ళు బాగానే పరిగెత్తారు, ముఖ్యంగా బంతి లేని వైపుకి.

నీ చోట్లో ఇప్పుడు జోజి నిలబడుతున్నాడు. మంచివాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పడానికి మనింటికి వచ్చి, చిక్కుడుకాయ సూపు తాగి వెళ్ళాడు. చలిగా ఉందంటే నీ ఆకుపచ్చ స్వెట్టర్ ఇచ్చాను.

నీ ఫిన్నీ

తా.క. ఆఫ్‌సైడ్ ఇంకా అర్థం కాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు.

కోబ్లెంజ్,
1 నవంబర్

ఫిన్నీకి ('నా' అని రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను),

ఏ జోజి? బేకరీ జోజేనా, ఆ నొక్కుల జుట్టువాడు? పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నన్నొక్కసారైనా ఆఫ్‌సైడ్ గురించి అడిగావా? నేనిక్కడ ఉడికించిన టర్నిప్‌లు మింగుతుంటే అక్కడ నా గోల్లో, నా స్వెట్టర్‌లో, నా సూపు తాగుతూ వాడా!

ఇట్లు,
చోటు పోయిన మెట్టీ

తా.క. వాడు ఎన్ని గోల్స్ వదిలాడో మాత్రం ప్రతివారం రాయి. అయిదు దాటితే కింద గీత గీయి.

ఎష్,
22 నవంబర్

అనుమానాల మెట్టీకి,

పోస్ట్‌మాన్ జోజి! యాభై ఆరేళ్ళు. మీ నాన్నతో కలిసి చదువుకున్నాడు. ఊళ్ళో కుర్రాళ్ళందరికీ సైన్యం యూనిఫారం తొడిగి పంపేశారు. మిగిలినవాళ్ళే మన జట్టు. లెఫ్ట్ వింగ్‌లో ఆడేది పళ్ళ డాక్టరు.

నిజం చెప్పనా? ఆఫ్‌సైడ్ నాకు రెండో వారమే అర్థమైంది. కానీ అది చెబుతున్నంతసేపూ జోజి "మెట్టీ అయితే ఆ బంతి పట్టేసేవాడమ్మా, మెట్టీ అయితే ఇలా దూకేవాడమ్మా" అంటాడు. అందుకని ఇంకా అర్థం కాలేదనే చెబుతున్నాను.

ఎప్పటికీ నీ ఫిన్నీ

తా.క. ఉత్తరాలు విప్పి చదివే ఆఫీసరు నన్ను పిలిపించి "ఆఫ్‌సైడ్ అనేది ఏ రహస్య సంకేతం?" అని గద్దించాడు. ఆయన గుర్రప్పందాల మనిషట. బల్ల మీద ఇంకు సీసాలు పేర్చి గంటసేపు చెప్పాను. అర్థం కాలేదట, మళ్ళీ రమ్మన్నాడు. నువ్వు మళ్ళీ మొదలుపెట్టకు.

కోబ్లెంజ్,
16 మార్చి 1943

నా ఫిన్నీకి,

ఇప్పటికీ కలలానే ఉంది. మా షెడ్డు జట్టు కూడా అదే లీగులో ఉంది కదా, వాళ్ళ గోల్‌కీపర్‌ని సైన్యంలోకి పిలిచారని శనివారం రాత్రికి రాత్రి నన్ను ట్రక్కెక్కించారు. ఎక్కడికో చెప్పలేదు. పొద్దున కళ్ళు తెరిస్తే మన ఉక్కు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు!

గోల్ వెనక కంచె దగ్గర నువ్వు. కంచె సందులోంచి నీ వేళ్ళు. ఒక చేతికి గ్లవ్ లేకుండా ఆడిన కీపర్ ఈ లీగులో నేనొక్కణ్ణే. అంతసేపు ఏం మాట్లాడానో ఒక్క ముక్క గుర్తులేదు.

కానీ ఫిన్నీ, సిగ్గేసింది. తొంభై నిమిషాల్లో మనవాళ్ళు ఒక్క బంతి కూడా నా దాకా తేలేకపోయారా? తొమ్మిది సున్నానా? మన ఊరు ఇంత దిగజారిపోయిందా?

నీ మెట్టీ

తా.క. వాళ్ళు తెచ్చుంటే వదిలేద్దామని కూడా అనుకున్నాను. జోజికి చెప్పకు.

ఎష్,
4 ఏప్రిల్

నా పిచ్చి మెట్టీకి,

ఆట మొదలయ్యే ముందు నిన్ను మొదట చూసింది నేను కాదు, జోజి. అందర్నీ దగ్గరికి పిలిచి "మెట్టీ వచ్చాడ్రా. పెళ్ళాంతో మాట్లాడుకోనివ్వండి. మధ్య గీత దాటినవాడి కాళ్ళు విరగ్గొడతా" అన్నాడట. పళ్ళ డాక్టరు మరిచిపోయి ఒకసారి దాటబోతే, జోజి గోల్ వదిలేసి పరిగెత్తుకెళ్ళి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ నాలుగో గోల్ అప్పుడు పడిందే.

ఆ ఓటమితో పై లీగులోంచి కింద పడిపోయాం. ఊళ్ళో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. (ఆఫీసరు గారూ, ఓడిపోవడం నేరమైతే చెప్పండి.)

ఎదురుచూస్తూ,
నీ ఫిన్నీ

తా.క. రిఫరీ ఆఖరి విజిల్ ఊదగానే మన జనమంతా ఒకటే గోల: "ఇంకో పావుగంట ఆడించవయ్యా!" తొమ్మిది సున్నాతో ఓడినవాళ్ళు ఇలా అడుగుతారేమిటని ఆయన వాచీ రెండుసార్లు చూసుకున్నాడు.