కుట్టు గది ఎం.ఏ.

ఆసుపత్రి కుట్టు గదిలో ముప్పై ఒక్క ఏళ్లు చిరిగిన దుప్పట్లు కుట్టిన నేను, యాభై తొమ్మిదో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. చెడింది గుండె ఒక్కటే, బుద్ధి కాదని డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. దీన్ని అమలు జరిపే బాధ్యత నా చెల్లెలిది.

1. నా రెండు గదుల ఇల్లు నా తదనంతరం మా అమ్మాయికి సర్వహక్కులతో చెందాలి. మా ఆయన బతికున్నంతకాలం అందులో ఉండవచ్చు, అమ్మే హక్కు లేదు. దూరవిద్యలో చరిత్ర ఎం.ఏ.కి చేరానని చెప్పిన రోజు ఆయన, "పాసైతే దుప్పట్లు వాటంతటవే కుట్టుకుంటాయా?" అన్నాడు. ఇరవై రెండేళ్లయింది. క్షమించానని రాయమని చెల్లెలు అడిగింది. రాయడం లేదు.

2. కుట్టుమిషను చెల్లెలికి. రెండేళ్ల చదువు నాకు ఆరేళ్లు పట్టింది. పరీక్షలప్పుడల్లా అమ్మాయిని తనే చూసుకుంది. ఒకసారి పిల్లకు జ్వరమొస్తే, నేను పేపరు రాసి బయటికొచ్చేదాకా ఆ మాట కడుపులోనే పెట్టుకుంది.

3. రికార్డుల గదిలో ఖాళీ వస్తే అర్జీ పెట్టాను. దూరవిద్య పట్టా పనికిరాదని పెద్ద గుమాస్తా తిప్పి ఇచ్చాడు. మర్నాడు అదే గదికి కిటికీ తెరలు కుట్టమన్నారు. కుట్టాను.

4. నా పరిశోధన వ్యాసం తొంభై పేజీలు, మా కుట్టు గది ఆడవాళ్ల గురించి. రిటైరైన పదకొండు మంది ఇళ్లకు వెళ్లి అడిగి రాసుకున్నాను. గుండీల పెద్దమ్మ అని పిలుచుకునే ఆవిడ, "నా గురించి రాసి ఏం చేస్తావే?" అంది. పెద్దవాళ్లు చదువుతారని చెప్పాను. తరువాత కాపీ కోసం విశ్వవిద్యాలయం ఆఫీసుకు వెళితే, స్టోరు గదిలో ఒక కట్టలోంచి తీసిచ్చారు. కవరుకు నేనంటించిన టేపు ఊడలేదు. మార్కులు మాత్రం డెబ్బై రెండు వేశారు. అక్కడి ఉద్యోగిని మెల్లగా, "ఇవన్నీ ఎవరు చదువుతారమ్మా? పాసయ్యారుగా, ఇంటికెళ్లండి" అంది. మనిషి మంచిదే, మంచినీళ్లు ఇచ్చింది. పెద్దమ్మకు ఈ సంగతి చెప్పలేదు. ఆ పదకొండు మందిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. వ్యాసం, కుట్టు గదిలో ఇప్పుడు నా కుర్చీలో కూర్చునే ఆవిడకు. చదవాలన్న షరతు లేదు.

5. మందుల కొట్టులో పనిచేసే మా అమ్మాయి అదే కోర్సుకు దరఖాస్తు నింపుకుని, "దీనికి విలువుందా అమ్మా?" అని అడిగింది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి తప్పించుకున్నాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను: లేదు. ఉద్యోగం రాదు, గౌరవం రాదు, చదివినదాని గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషీ దొరకడు. కాకపోతే, ఆ ఆరేళ్లలో ఏం ఆలోచించానో నాకు గుర్తుంది. మిగతా యాభై మూడేళ్లలో ఏం ఆలోచించానో గుర్తులేదు. పుస్తకాలన్నీ తనకే. చేరడమో మానడమో తనిష్టం.

6. నేను పోయాక వేయించే కార్డులో నా పేరు పక్కన ఎం.ఏ. ఉండకూడదు. మా ఆయన వేయిద్దామంటాడు, అప్పుడు నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది. ఆ భాగ్యం ఆయనకు ఇవ్వడం లేదు.

ఇదంతా నా చేతిరాత. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు.

తేదీ: మార్చి పంతొమ్మిది, మంగళవారం.

(సంతకం)

సాక్షులు:
గుండె వార్డు నర్సు
మా వీధి చివర తాళాలు బాగుచేసే ఆయన