కరకట్ట మీద మా లోడరు

భద్రాచలం, ఆగస్టు 2006

సంతోషన్నకు, గోదావరి పొంగినా నేను మెరక మీద క్షేమంగానే ఉన్నానని అమ్మకు చెప్పు.

నిన్న కరకట్టకు మట్టి పోస్తూ మా లోడరు ఆగిపోయింది. అది ఆటోమేటిక్ గేర్ల బండి. గేరుబాక్సు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది, వరదేమో పెరుగుతోంది. మా పెద్ద మెకానిక్ భద్రయ్య గారు, "ఏం జూసినవ్ బిడ్డా?" అని నన్నే అడిగారు.

"ఆయిల్ నిండుగనే ఉంది సార్, ప్రెషరే లేదు. ఆయిల్ గట్టిగ ఒత్తకుంటే లోపల క్లచ్ ప్లేట్లు జారుతయి. ఆ రాపిడికే గిట్ల కాలుతాంది" అన్నాను.

"అవ్, జల్దీ విప్పు" అన్నారు.

విప్పి చూస్తే, పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండే జాలీ నిండా మడ్డి పట్టి ఉంది. కడిగి బిగించాం. ప్రెషర్ ముల్లు లేచింది, వేడి దిగింది, లోడరు కదిలింది. కట్ట నిలిచింది. "ఇగ ఈ బండి హేమలతదే" అని భద్రయ్య గారు అందరి ముందూ అన్నారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి అన్నా!

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? మిరప నారు పోశారా? నా ఐటీఐ సర్టిఫికెట్ నకలు పంపు. చెల్లి సువర్ణను బడి మాన్పిస్తానన్నావు, ఆ మాట మానుకో. పది పాసైతే నా దగ్గరికి పంపు, నేను చదివిస్తాను.

అమ్మకు, వదినకు దండాలు.

నీ చెల్లెలు
హేమలత, మెకానిక్