పొయ్యి పక్క కిటికీ

అక్కా, నా కోడిగీతలకీ అక్షరాల తప్పులకీ ఏమీ అనుకోకు.

నన్ను తీసుకెళ్లిపొమ్మని నాన్నకి రాశాను కదా, ఇక రానక్కర్లేదని చెప్పు. మొన్న నీ మరిది నన్ను తను తాపీపని చేస్తున్న కొత్త బడికి తీసుకెళ్లారు. "కళ్లు మూసుకుని నడువు. కిటికీ ఎక్కడుందో చెప్పు చూద్దాం" అన్నారు. అరికాళ్ల కింద గచ్చు చల్లగా ఉంది. చెంపకి గాలి తగలగానే ఆగి, "ఇదిగో" అన్నాను. ఆ ఖాళీ గదిలో నా గొంతు ఎంత నిండుగా వినిపించిందో! ఆ ధైర్యంతోనే, "మన వంటింట్లో ఊపిరాడక ఏడుపొస్తోందండీ" అనేశాను.

"ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావేం?" అన్నారు. అద్దెకిచ్చిన ఇంటివాళ్లని ఒప్పించి, నిన్న పొయ్యి పక్క గోడ తొలిచి కిటికీ పెట్టారు. వంట చేస్తుంటే వెలుగు నా చేతుల మీదే పడుతోంది.

తెర కుట్టుకుంటాను, పాత చీర ఒకటి పంపు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పిల్లలకి ముద్దులు.

మొగుణ్ణి ఇంతగా మెచ్చుకున్నానని బావ ఏడిపిస్తాడు. చదవగానే ఇది పొయ్యిలో వేసెయ్.