రెండో పిలుపు

మార్చి 3, ఆదివారం

కొత్త కాంట్రాక్ట్ కాపీ క్రూ రూమ్‌లో కాఫీ మెషిన్ పక్కన అంటించారు. మాది చిన్న ఊళ్ల మధ్య తిరిగే చిన్న ఎయిర్‌లైన్. ఇన్నాళ్లూ మీనమేషాలు లెక్కపెట్టిన కంపెనీ ఇప్పుడు జీతాలు పెంచుతానంటోంది. బదులుగా ఒక్కటే అడిగింది. ఎయిర్‌పోర్ట్‌కీ హోటల్‌కీ మధ్య వ్యాన్‌లో తిరిగే టైమ్ కూడా ఇకమీదట మా విశ్రాంతి కిందే లెక్క. అంటే వ్యాన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నేను హాయిగా నిద్రపోతున్నట్టు!

మా యూనియన్ ప్రెసిడెంట్‌ని అందరూ బాబాయ్ అంటారు. కోపైలట్‌గా చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆయనే. ఒప్పేసుకుందాం, ఇది పోతే మళ్లీ రాదు అంటున్నారు.

మార్చి 5

అమ్మ ఫోన్. కెప్టెన్ ఎప్పుడవుతావే అని అదే పాట. కాంట్రాక్ట్ పాసైతే కొత్త విమానాలొస్తాయి, నా భుజం మీదికి కెప్టెన్లకుండే నాలుగో పట్టీ వస్తుంది. ఆ మాట అమ్మకి చెప్పలేదు. అవుననే వోటేస్తాను.

మార్చి 8, మధ్యాహ్నం, హోటల్



పొద్దున బాబాయ్‌తో ఫ్లైట్. ఆయన నడుపుతున్నారు. రాత్రి వ్యాన్ ఆలస్యమై ఇద్దరికీ సరిగ్గా నిద్ర లేదు. కిందికి దిగేటప్పుడు కాక్‌పిట్‌లో పని మాట తప్ప ఇంకో మాట ఉండకూడదు, అందుకని ఇద్దరం మౌనంగా ఉన్నాం. స్పీడ్ ఉండాల్సిన దానికంటే పడిపోతోంది. స్పీడ్, అని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. పలకలేదు.

రెండుసార్లు పిలిచినా పలక్కపోతే ఇక అడగడాలుండవు, పక్క పైలట్ విమానం తీసుకోవాలి. ఈ రూల్ నాకు వంద సార్లు వల్లె వేయించింది ఆయనే. ఐ హావ్ కంట్రోల్ అన్నాను. పవర్ పెంచిన చప్పుడుకి ఆయన ఉలిక్కిపడి లేచారు.  నేనే దింపాను.

వెనక కూర్చున్న వాళ్లకి ఏమీ తెలీదు. ఒకావిడ నవ్వుతూ థాంక్స్ చెప్పి దిగింది.

రిపోర్ట్ రాస్తావా అని బాబాయ్ అడిగారు. రాయమనలేదు, వద్దనలేదు. 

మార్చి 9

రాయలేదు. రాస్తే ఆయన్ని ఇంట్లో కూర్చోబెడతారు. కోపంగా ఉంది. ఆయన మీదో నా మీదో తెలీడం లేదు.

మార్చి 12, వోటింగ్ రోజు

హాలు నిండిపోయింది. బాబాయ్ మైక్ దగ్గర కాంట్రాక్ట్ వివరిస్తున్నారు. వ్యాన్ టైమ్ పెద్ద ఇబ్బందేమీ కాదన్నారు. అంత కొద్ది నిద్రతో విమానం నడపొచ్చా అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. ఆయన కాగితం వైపే చూస్తూ నిలబడ్డారు.

లేచాను. బాబాయ్, అని పిలిచాను. పలకలేదు.

నాలుగో పట్టీ గుర్తొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. బాబాయ్, అని మళ్లీ పిలిచాను. పలకలేదు.

మైక్ దగ్గరికి నడిచాను. ఆయన పక్కకి జరిగారు. మొన్న విమానం దిగుతుండగా నా పక్కన కెప్టెన్ నిద్రపోయాడని చెప్పాను. పేరు చెప్పలేదు. రిపోర్ట్ రాయలేదనీ చెప్పాను. అప్పుడు ఆయన ముందుకు వంగి, నిద్రపోయింది తనేనన్నారు.

కాంట్రాక్ట్ ఓడిపోయింది. బయట మెట్ల మీద ఆయన నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 2

బాబాయ్ మీద ఎంక్వైరీ నడుస్తోంది. నావి ఇంకా మూడు పట్టీలే. ఇవాళ వేరే కెప్టెన్‌తో వెళ్లాను. దిగేటప్పుడు స్పీడ్ అని పిలిచాను. వెంటనే పలికారు.

అయినా మళ్లీ పిలిచాను.