నోట్లో గుండుసూదులు

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

చెల్లికి,

ప్రభువు పేరిట అక్క వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని మీ ఆయన చెప్పాడు గానీ, ఆ ముక్క నీ నోట వింటేనే నా ప్రాణం కుదుటపడుతుంది.

నేను వస్తే తలుపు తీయడం లేదు కాబట్టి ఈ ఉత్తరం మీ ఆయన చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు. దాచేదేముంది?

మీ ఆయన తాగుడు సంగతి నువ్వు చెప్పుకున్నది నా ఒక్కదానికే. వారం తిరక్కుండా సంఘంలో ఆడవాళ్లు నీ చేతులు పట్టుకుని, ఆయన కోసం ప్రార్థిస్తున్నామన్నారు. నేనే చాటింపు వేశాననుకుని చర్చికి రావడమే మానేశావు. అనుకోవడంలో నీ తప్పు లేదులే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అమ్మ నాకే చెప్పేది, నీకెప్పుడూ చెప్పలేదు!

ఒట్టు పెట్టుకోవద్దన్నాడు ప్రభువు, కనుక పెట్టను. నేను చెప్పలేదు, అంతే. ఎవరు చెప్పారో తెలుసు. అది వాళ్లే నీతో చెప్పుకోవాలి. అందాకా నోరు మెదపనని మాటిచ్చాను.

ఆ మాట నిలబెట్టుకోవడం నాలాంటిదానికి ఎంత కష్టమో! మొన్న కుట్టు దుకాణానికి పాటల బృందంలో ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చి, సొంత చెల్లి పరువే తీశావటగా అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క పేరు చెబితే నా పరువు దక్కేది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ప్రభువా ఈ నోరు నువ్వే పట్టుకో అని లోలోపల మొరపెట్టుకుంటూ అంచు మడిచాను. అంచు వంకరపోయింది, విప్పి మళ్లీ కుట్టాలి. మాట మాత్రం జారలేదు. దేవుణ్ణి నోరారా పాడి స్తుతించాలనుకునేదాన్ని. నోరు మూసుకునీ స్తుతించొచ్చని ఈ వయసులో తెలిసింది.

నా మీద కోపముంటే ఉండనీ, దేవుడి మీద అలగకు. వచ్చే ఆదివారం రావే. నా పక్కన కూర్చోకపోయినా సరే. నీ గొంతు తోడు లేక నా గొంతొక్కటే గీపెడుతోంది.

నిన్ను తలవని పూట లేని
అక్క

తా.క. ఈ నాలుగు ముక్కలూ వదినవి కావు, నావి. మగవాళ్ల ప్రార్థనలో లేచి, నా తాగుడు మాన్పించమని దేవుణ్ణి అడగండని ఏడ్చింది నేనే. వాళ్లు ఇళ్లకెళ్లి చెప్పుకుంటారనుకోలేదు. నీతో నేనే చెబుతాను, అందాకా ఎవరితోనూ అనొద్దని వదిన దగ్గర మాట తీసుకుని, ధైర్యం చాలక ఆవిడ ఇన్ని మాటలు పడేలా చేశాను. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. ఇది మన మెట్ల మీద కూర్చునే రాసి, తలుపు కింద నుంచి లోపలికి తోస్తున్నాను. నన్నేమన్నా అను, పడతాను. బతిమాలి వదినని కూడా తీసుకొచ్చాను, పక్కనే ఉంది. తలుపు తియ్యి.