ఆషాఢంలో చిన్మయి చదువు

ఏవండీ, చెరువు దగ్గర్నుంచి రాగానే భోంచేయండి. పులుసు వేడి చేసుకోండి.

రేపట్నుంచి ఆషాఢం కదా, తణుకులో మా అమ్మగారింటికి వెళ్తున్నాను. చిన్మయిని కూడా తీసుకెళ్తున్నాను. అత్తయ్యగారికి చెప్పాను.

"వాళ్లమ్మ పోయినప్పట్నుంచి పిల్ల స్కూల్లో నోరు విప్పడం లేదు, ఈ ఏడాది ఇంట్లో నువ్వే చదువు చెప్పు" అని పెళ్లికి ముందు అడిగింది మీరే. ఎంత సంబరంగా ఏడాది పాఠాలన్నీ పట్టికగా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించానో! మొన్న పెసరట్టు ముక్కలు చేసి సగం, పావు చెబుతుంటే, "పిన్నీ, అల్లం పచ్చడి ఎన్నో వంతు?" అని పకపకా నవ్వింది. దాని నవ్వు వినడం నాకదే మొదలు.

నిన్నేమో టీవీ చూస్తూ, "ఆషాఢం నెలంతా నువ్వుండవు, చదువెవరు చెబుతారు? హాస్టల్లో చేర్పించేశాను" అన్నారు. నన్నొక్క మాట అడగలేదు. కొత్త కోడలు పుట్టింటికెళ్లాలన్నది మీ ఇంటి పట్టుదలే. ఈ నెల పాఠాలు అక్కడే చెబుతాను. మీరు హాస్టల్ సీటు వద్దని చెప్పండి. పిల్ల కోసం మా ఇంటికి రాకండి, ఆషాఢంలో అల్లుడు అత్తారి గడప తొక్కకూడదటగా.

ఇంకోటి. "నాన్న రోజూ ఫోన్ చేస్తారా?" అని అడిగింది. చేస్తారని మీ తరఫున మాటిచ్చాను. ఇదైనా నిలబెట్టండి.